ఎడమవైపు ఆధారాలు

ఆట ముగిసింది. దొంగ దొరికాడు. కంప్యూటర్ తెర మీద రెయిన్‌కోటు తొడుక్కున్న గుడ్లగూబ రెక్కలతో చప్పట్లు కొట్టి, ప్రతి కేసు చివరా చేసే పనే మళ్లీ చేసింది. గది బొమ్మను ఇంకోసారి చూపించి, ఆడినవాడి కంటికి చిక్కని ఆధారాల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టింది.

సన్యాసిరావు కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకున్నాడు.

"సూసినావేటమ్మా? ఒక్క సున్నా నేదు. అన్నీ పట్టీసినాను."

పక్కన స్టూలు మీద కూర్చున్న కూతురు పద్మశ్రీ తండ్రి మొహం చూసింది, తెర చూసింది, మళ్లీ తండ్రి మొహం చూసింది. తెర మీద ఎర్ర సున్నాలు దద్దుర్లు లేచినట్టు లేచి ఉన్నాయి.

"మజాక్ చెయ్యకు నాన్నా. ఇన్ని సున్నాలుంటే!"

"ఎక్కడున్నాయే?"

"ఇదర్ దేఖో!" అని పిల్ల వేలు పెట్టి చూపించింది. ఆ వేలి వెంట సన్యాసిరావు తల తిప్పాడు. అప్పుడు కనపడ్డాయి. టేబుల్ కింద తాళంచెవికి ఒకటి, కిటికీలో చేతిగుడ్డకు ఒకటి, గోడ మీద బల్లికి ఒకటి, ఇంకా ఎన్నో. అన్నీ ఎడమ వైపే. కుడి వైపు మచ్చుకైనా లేదు. అప్పటిదాకా లేనివాటిని ఎవరో ఉన్నట్టుండి తెచ్చి అక్కడ పెట్టినట్టనిపించి అతను గట్టిగా నవ్వాడు. పద్మశ్రీ నవ్వలేదు.

సన్యాసిరావు టాటానగర్‌లో సోనారి పేటలో ఆటో నడుపుతాడు. స్కూళ్లున్న రోజుల్లో పొద్దున పిల్లల్ని ఎక్కించుకుని కద్మాలోని బడిలో దింపడం, మధ్యాహ్నం ఇళ్లకు చేర్చడం, మిగిలిన వేళల్లో టాటానగర్ స్టేషన్ కిరాయిలు. తండ్రి సోమేశ్వరరావు పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇక్కడే గూడ్సు రైళ్ల డ్రైవరుగా చేసి, రిటైరై, కాలం చేశాడు. రైలింజను నడిపేవాడి కళ్లు అందరి కళ్లకన్నా మెరుగ్గా ఉండాలి. ఆ తరగతిని రైల్వేవాళ్లు ఏ-వన్ అంటారు. రైల్వే కుటుంబాల్లో ఆ మాటకున్న పరువు కాలేజీ పట్టాకు కూడా ఉండదు. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు గాని, తండ్రి కళ్లు మాత్రం వచ్చాయి. ఆ ఒక్క ఆస్తితోనే సన్యాసిరావు యాభై ఏళ్లకు దగ్గరపడ్డాడు. వీధి చివర బస్సు బోర్డు చదవాలన్నా, పక్కింటి ముసలమ్మలకు సూదిలో దారం ఎక్కించాలన్నా అతనే. "నాయి ఏ-వన్ కళ్లు" అన్న మాట రోజుకోసారైనా అనకపోతే అతనికి అన్నం సయించదు.

కంప్యూటర్ పద్మశ్రీ మేనమామ మురళి చలవ. సన్యాసిరావు భార్య ఉమామహేశ్వరి తమ్ముడు మురళి టాటానగర్ స్టేషన్లోనే పనిచేస్తాడు. తోటి ఉద్యోగి పాతది అమ్మేస్తుంటే మేనకోడలి చదువుకని తెచ్చిపెట్టాడు. ఆ ఇంటి పిల్లలు ఆడి వదిలేసిన డిటెక్టివ్ ఆట అందులోనే ఉండిపోయింది. చిన్నపిల్లల ఆటే. సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊళ్లో రోజూ ఏదో ఒకటి పోతుంది. గుడ్లగూబతో కలిసి గది గదీ వెతకాలి, సామాను మధ్య దాగిన ఆధారాలు పట్టాలి, చిక్కుముళ్లు విప్పి తాళాలు తియ్యాలి, చివర్లో అందరినీ ఒక చోట నిలబెట్టి దొంగెవరో చెప్పాలి.

వేసవి సెలవుల్లో సన్యాసిరావు మొదట కూతుర్ని కేకలేశాడు. ఆ తర్వాత వెనక నిలబడి సలహాలు చెప్పాడు. చివరికి మౌస్ లాక్కున్నాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే స్టేషన్ ముందు కుక్క కూడా తిరగని ఎండ. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని దొంగల్ని పట్టడం అతనికి హాయిగా ఉండేది. బుర్ర చురుకైనదే. "వానలో తడిసీసి వచ్చినానంతన్నాడు ఈ పోస్టుమేను. గొడుగు సూడు, ఎండగొట్టీసి ఉంది. ఈడే!" అంటాడు. నిజంగా వాడే అయ్యేవాడు. ఆధారాలు సగం దొరక్కపోయినా దొంగ దొరికేవాడు కాబట్టి, ఆ దొరకని సగం ఏ సగమో ఎవరూ పట్టించుకోలేదు.

పద్మశ్రీ ఆ రోజు పట్టించుకుంది. పన్నెండేళ్లు నిండాయో లేదో, పిట్ట కొంచెం కూత ఘనం. తండ్రి ఆడిన పాత కేసులన్నీ ఒక్కొక్కటే తెరిచింది. బేకరీ, లైటుహౌసు, బొమ్మల కొట్టు. అన్నింట్లోనూ ఎర్ర సున్నాలు ఎడమ పక్కే గుంపుకట్టి ఉన్నాయి.

"నాన్నా, బాయీఁ తరఫ్ నీకు ఏమీ కనిపించడం లేదా?"

"నాకేటి కనపడదు? తెర పాడైపోనాది. ఆ పక్క ఎలుగు తక్కువ."

"ఎంతసేపు నిలబడమంతారండీ ఇలాగ?"

సన్యాసిరావు ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. ఎడమ భుజం పక్కనే భార్య ఉమామహేశ్వరి మామిడి ముక్కల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

"ఎప్పుడొచ్చినావే నువ్వు? పిల్లినాగ!"

"ఎప్పుడో వచ్చినాను. ముక్క తీసుకుంతారని పళ్లెం మీ మొహం కాడ పెట్టుకోని ఉన్నాను. ఆ గుడ్లగూబ ముందు పెళ్లాం ఏటి కనపడతాది?"

ఉమామహేశ్వరి మూతి విరిచింది. పద్మశ్రీ మాత్రం బిగుసుకుపోయింది. అమ్మ వచ్చినప్పటి నుంచీ తను చూస్తూనే ఉంది. పళ్లెం తండ్రి చెంపకు జానెడు దూరంలో ఉంది. అతని కళ్లు ఒక్కసారి కూడా అటు పోలేదు.

పిల్ల లేచి తండ్రి కుర్చీని పట్టుకుని తెరకు ఎడమ వైపుగా జరిపింది. "ఇప్పుడు తెర వంక చూడకు. సీదా, గోడ మీద ఆ స్విచ్చుబోర్డు చూడు. కళ్లు కదపకు. సున్నాలు కనిపిస్తున్నాయా?"

సన్యాసిరావు స్విచ్చుబోర్డు వైపు చూశాడు. తెర మొత్తం కుడి పక్కకు వచ్చింది. కంటి చివర, మసగ్గానే గాని, ఎర్రెర్రగా సున్నాలన్నీ ఒక్కసారిగా పైకి తేలాయి.

"అన్నీ అగుపడతన్నాయి," అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే అతని గొంతు తగ్గిపోయింది. తెర అదే. వెలుగు అదే. మారింది తన కుర్చీ ఒక్కటే.

అయినా తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషి అంత సులువుగా ఒప్పుకుంటాడా? లేచి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి, అవతలి గోడ మీది క్యాలెండర్లో అడుగున సన్నగా అచ్చువేసిన ప్రెస్సు పేరు గడగడా చదివాడు. ఎడమ కన్ను మూసి చదివాడు. కుడి కన్ను మూసి చదివాడు. రెండు కళ్లతోనూ తడబడకుండా చదివేశాడు.

"సూసినావా? ఏ-వన్!"

"అలాగే ఉండు నాన్నా. కదలకు. ఇప్పుడు నా చెయ్యి ఎక్కడుంది?"

"కిందే ఉంది."

పద్మశ్రీ ఎడమ పక్క నిలబడి చెయ్యి అతని కంటి ఎత్తున పెట్టి ఊపుతోంది. ఉమామహేశ్వరి చేతిలో పళ్లెం టక్కున కింద పెట్టేసింది. ఒక కన్ను మూసినా అంతే, రెండోది మూసినా అంతే. ఏ కన్నుతో చూసినా ఎడమ సగంలో లోకం లేదు. చీకటిగా ఉంటే తెలిసేదేమో. చీకటి కూడా లేదు. తల వెనక ఏముందో మనిషికి ఎలా తెలియదో, ఆ పక్క ఏముందో కూడా అతనికి అలాగే తెలియడం లేదు. తెలియడం లేదన్న సంగతి కూడా ఇన్నాళ్లూ తెలియలేదు.

"ఓలమ్మో, ఇదేటి వింతరా బాబూ," అంది ఉమామహేశ్వరి. మామిడి ముక్కల మీద ఈగలు వాలాయి.

పద్మశ్రీ బయటికి నడిచింది. తల్లీ తండ్రీ ఆమె వెనకే వెళ్లారు. వేపచెట్టు కింద ఆటో ఉంది. ఉగాది ముందు నుంచి దానికి గీతలు పడుతున్నాయి. ఎడమ అద్దం రెండుసార్లు విరిగింది. ఎడమ పక్క రేకు సొట్టపోయింది. వెనక మడ్‌గార్డు పక్క రంగు గీసుకుపోయి తుప్పు బయటపడింది. ప్రతిసారీ సన్యాసిరావుకు ఒక నేరస్థుడు దొరికేవాడు. స్కూటరు కుర్రాళ్లు, ఆవు, మార్కెట్లో రోడ్డు మీదికి బండి తోసిన అరటిపళ్లవాడు. ఒకసారి ఎవరింటిదో గేటు స్తంభమే ముందుకు జరిగిందన్నాడు. ఉమామహేశ్వరి అవేవీ నమ్మలేదు. ఆమెకు వేరే నేరస్థుడు దొరికాడు. దిష్టి. "నిండా పిల్లల్తో కళకళ్లాడతా ఎళ్తాది మన బండి. ఎవులి కళ్లు ఎలాటివో ఏటి!" అని ఇరుగుపొరుగుతో అనేది. ఎర్రనీళ్లు తిప్పి పోసేది. ఆటో ముందు చక్రం కింద నిమ్మకాయ తొక్కించేది. కళ్లే కారణమని ఆమె కనిపెట్టింది. ఎవరి కళ్లో మాత్రం తప్పింది.

"ఎక్కి కూర్చో నాన్నా," అంది పద్మశ్రీ. "రోజూ నడిపేటప్పుడు ఎలా కూర్చుంటావో అలాగే. ముందు ఏమేమి ఉన్నాయో చెప్పు."

సన్యాసిరావు హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాడు. మొహం మీద చెమట పట్టింది.

"అద్దం. అద్దం మీద ఆంజనేయస్వామి బొమ్మ. ఇటు పక్క మీ అమ్మ తగిలించిన గుడ్డ. ఇంకేటుంతాది?"

"అంతేనా?"

"అంతే."

ఉమామహేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏటండీ మీరు! మంగళారం పొద్దున నేనే కదా కట్టినాను. దాన్తోనే కదా స్టేషన్‌కి పోయి వత్తన్నారు!"

సన్యాసిరావు మెల్లగా తల ఎడమకు తిప్పాడు. తన మోచేతికి మూరెడు దూరంలో, ముందు అద్దం ఫ్రేముకు నల్లతాడుతో కట్టి, నాలుక బయటపెట్టిన నల్లటి దిష్టిబొమ్మ గుడ్లు తెరుచుకుని అతన్నే చూస్తోంది. దాని కింద నిమ్మకాయ వాడిపోయి ఉంది, మిరపకాయలు ఎండిపోయి ఉన్నాయి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆ బొమ్మను పక్కన పెట్టుకుని అతను ఊరంతా తిరిగాడు. దాన్ని చూడలేదు.

చేతులు హ్యాండిల్ మీంచి వాటంతటవే జారాయి. బొమ్మ ఉందన్న భయం కాదది. బొమ్మ ఉన్న వైపే, రోజూ, పిల్లలు ఎక్కుతారు. అక్కడే దిగుతారు. ఆటోకు కుడి వైపు అడ్డంగా ఇనుప కడ్డీ ఉంటుంది. దారి ఎడమ నుంచే. స్కూలు సంచులు ఆ పక్కే వేలాడతాయి, చిన్నవాళ్ల కాళ్లు ఆ పక్కే నేల కోసం తడుముకుంటాయి. ఇన్ని నెలలు తను తల తిప్పకుండానే, చప్పుడును బట్టి దిగారనుకుని బండి పోనిచ్చాడు.

ఉజ్వల గుర్తొచ్చింది.

సెలవులకు ముందు మాట. ఉజ్వల అయిదేళ్ల పిల్ల, అందరిలోకీ చిన్నది, మార్కెట్ వెనక సందులో ఇల్లు. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల ఒక కాలు నేల మీద, ఒక కాలు బండిలో ఉండగానే ఆటో కదిలింది. పిల్ల బోర్లా పడింది. బూటు ఊడి వెనక చక్రం కింద నలిగింది. కాలు నలగలేదు. ఆ ఒక్క సంగతీ అదృష్టం. ఏడుపు విని సన్యాసిరావు దిగి వచ్చాడు. భయం కోపమై బయటికొచ్చింది. పిల్ల తల్లి రత్నం పరిగెత్తుకొస్తే, "మీ గుంట గెంతుతాదమ్మా. ఆగక ముందే గెంతీసింది. నేను సూత్తానే ఉన్నాను," అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను! రత్నం అతని ఎదుటే పిల్ల వీపు మీద ఒకటి వేసింది. పెద్దవాడు, ఏ-వన్ కళ్లవాడు, చూశానంటే కాదనేదెవరు?

"నేను సూడ్నేదు," అన్నాడు సన్యాసిరావు ఆటోలో కూర్చునే. భార్యకు అర్థం కాలేదు. "ఆ పిల్ల గెంతనేదే. నాకు ఆ పిల్ల అగుపడ్నేదు."

మర్నాడు సాక్చిలో కళ్ల డాక్టరు దగ్గరికి మురళి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మొదట అక్షరాల చార్టు చదివించింది. సన్యాసిరావు చివరి వరసదాకా చదివేశాడు. ఆవిడ ఒక డబ్బా లాంటి యంత్రంలో గడ్డం పెట్టించి, చేతికి మీట ఇచ్చి, మెరుపు కనపడినప్పుడల్లా నొక్కమంది. ఇది కూడా ఆటలాగే ఉందే అనుకుంటూ ప్రాణం పెట్టి నొక్కాడు. ఒక్కటి కూడా పోనివ్వలేదనుకున్నాడు. యంత్రంలోంచి వచ్చిన కాగితం మీద రెండు కళ్లకూ రెండు గుండ్రాలు. రెండింట్లోనూ ఎడమ సగం మసిపూసినట్టు నల్లగా ఉంది.

డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది. కళ్లు రెండూ బాగున్నాయంది. సన్యాసిరావు చూశావా అన్నట్టు మురళి వంక తిరగబోయాడు. కాని చూపును చదివే చోటు కళ్లలో ఉండదనీ, తల వెనక మెదడులో ఉంటుందనీ, అక్కడ ఎప్పుడో ఒక సన్నటి రక్తనాళం పూడుకుపోయి ఉంటుందనీ అంది. వెంటనే తలకు స్కాను తీయించమంది. సాయంత్రం స్కాను చూసిన ఇంకో డాక్టరు అదే తేల్చాడు. పక్షవాతం.

"పచ్చవాతమా?" సన్యాసిరావు రెండు చేతులూ ఎత్తి, ఆడించి చూపించాడు. "కాలూ చెయ్యీ ఆడతన్నాయి కదా డాక్టర్ సాబ్!"

కాలికో చేతికో రావలసింది చూపుకు వచ్చిందని ఆయన చెప్పాడు. ఎప్పుడైనా విపరీతమైన తలనొప్పి వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. హోలీ ముందు, స్టేషన్ దగ్గర కిరాయి కోసం కాసుకుని ఉండగా, కళ్ల ముందు వెలుగులు వణికి, తల పగిలిపోయేట్టు నొప్పి. వేడి చేసిందనుకుని ఒక మాత్ర మింగి వెనక సీట్లో పడుకున్నాడు. లేచాక తగ్గింది. ఆ నిద్రలోనే సగం లోకం పోయిందన్నమాట. బీపీ మందులు జన్మంతా వాడాలి. పోయిన చూపు తిరిగి వచ్చే ఆశ తక్కువ. బండి మాత్రం ముట్టుకోకూడదు. రెండోసారి వస్తే ఇంత మెత్తగా రాదు.

ఆదివారం పొద్దున ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది. మర్నాడే స్కూళ్లు తెరుస్తారు. ఉమామహేశ్వరి బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది. మురళి మంచం మీద కూర్చుని గొంతు తగ్గించాడు.

"బావా, ఓ మాట సెప్తాను, తిట్టకు. లైసెన్సుకి ఆళ్లు అచ్చరాలే కదా సదివిత్తారు. నువ్వు గడగడా సదివీగలవు. ఎవుడికి తెలుత్తాది? ఇంకో పని దొరికీదాకా మెల్లగ నడుపు. ఎడంపక్కకి తల తిప్పుకుంటా నడుపు. తెలిసిపోనాది కదా ఇప్పుడు."

సన్యాసిరావు కాదనలేదు. నిజం చెప్పాలంటే, రాత్రంతా అతను అనుకున్నదీ అదే. తల తిప్పుకుంటూ నడపవచ్చు. తెల్లవారి లేచి, వాకిట్లో నిలబడి, తల తిప్పుకుంటూ చూశాడు కూడా. ఎడమకు తిప్పితే ఎదురుగా వచ్చేది కంటి చివర మసకబారి, కుడి పక్క జారిపోతోంది. ఎదురు చూస్తే ఎడమ పోతోంది. ఇంతలో దగ్గర్లోని ఎరోడ్రోమ్ నుంచి చిన్న విమానం మోతెత్తుకుంటూ లేచింది. మోత వినపడింది. విమానం ఎక్కడుందో తెలుసుకునేలోపు అది ఊరి చివరి నది దాటేసింది.

"ఒరే మురళీ, మీ రైలు డ్రైవరికి ఇలాగైతే ఇంజను ఎక్కనిత్తారేట్రా?"

మురళి తల వంచుకున్నాడు. "ఆ గంటలోనే దింపీస్తారు బావా."

"మా నాన్న ఎనకాల ఉన్నవి బొగ్గు వేగన్లు. నా ఎనకాల ఉన్నది పిల్లలురా."

ఉమామహేశ్వరి చేటలో చెయ్యి ఆగిపోయింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది గాని, నడపమని మాత్రం అనలేదు.

"ఫోనులో సెప్పీయండి," అంది కాసేపటికి. "బండి నడపడం మానీసినానని సెప్తే సాలు. ఎందుకో ఎవులికి కావాలి?"

"ఎందుకో సెప్పకపోతే కేసు తీరదు కదమ్మా," అంది పద్మశ్రీ గుమ్మంలోంచి. ఎవరూ ఆ పిల్లను గదమలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక తండ్రీ కూతుళ్లు బయలుదేరారు. నడుచుకుంటూనే. పద్మశ్రీ తండ్రికి ఎడమ పక్క నడిచి, ఎదురొచ్చే స్కూటర్లకు అతన్ని ఇవతలికి లాగుతూ పోయింది. ఒక్కో ఇంటి ముందూ ఆగి సన్యాసిరావు ఒకటే సంగతి చెప్పాడు. హిందీవాళ్లకు హిందీలో, మనవాళ్లకు తెలుగులో. నాకు ఎడమ పక్క చూపు లేదు. ఎప్పటి నుంచో లేదు. తెలియక మీ పిల్లల్ని తిప్పాను. రేపటి నుంచి తిప్పను. ఒకాయన అయ్యో పాపం అన్నాడు. ఒకావిడ తన పిల్లాణ్ని గబుక్కున దగ్గరికి లాక్కుని, ఒళ్లంతా తడిమి చూసుకుంది, ఇప్పుడే ఏదో తప్పినట్టు. ఇంకొకాయన, "ఇన్ని నెలలా?" అని అరిచి, మొహం మీదే తలుపు వేశాడు. ఆ తలుపు వేయడమే సన్యాసిరావుకు న్యాయమనిపించింది.

మార్కెట్ వెనక సందు చివరికి మిగిలింది. చివరికి మిగల్లేదు, అతనే మిగుల్చుకున్నాడు. కాళ్లు అటు పడలేదు.

రత్నం కుర్చీ వేసి కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. రేపు ఎన్ని గంటలకు సిద్ధంగా ఉంచమంటారని అడిగింది. సన్యాసిరావు గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు. మిగతా ఇళ్లలో చెప్పినట్టు తిన్నగా రాలేదు మాట. డాక్టరు మాట ముందొచ్చింది, ఆట మాట మధ్యలో వచ్చింది, దిష్టిబొమ్మ మాట రెండుసార్లు వచ్చింది.

"ఆ దినం మీ పాప గెంతనేదమ్మా," అన్నాడు చివరికి. "నేను సూసినానని అన్నాను కదా. సూడ్నేదు. ఆ పాప నాకు అగుపడనే నేదు. నా మాటకి నువ్వు దాన్ని కొట్టినావు. ఆ దెబ్బ నాది. పాపని ఓపాలి పిలువమ్మా. దాంతో కూడా సెప్పాలి."

రత్నం వింతగా చూసింది. "ఇక్కడే ఉంది కదండీ. మీరు వచ్చిన కాడ్నుంచి మీ పక్కనే నిలబడుంది."

సన్యాసిరావు తల పూర్తిగా ఎడమకు తిప్పాడు. కుర్చీ చేతిని పట్టుకుని ఉజ్వల నిలబడి ఉంది. అతను చెప్పినదంతా విన్నది. మొహంలో కోపం లేదు, భయం లేదు. పెద్దవాళ్లు దేన్నో ఇంత ఆలస్యంగా కనిపెట్టినందుకు ఆశ్చర్యం మాత్రం ఉంది. ఆ పిల్ల తల్లి వైపు తిరిగింది.

"మమ్మీ, మైనే బోలా థా నా! అంకుల్‌కి నేను కనబడ్నేదని ఆరోజే సెప్పినాను కదా!"

రత్నం చెయ్యి నోటి మీదికి పోయింది. ఆ రోజు ఇంట్లోకి వచ్చాక పిల్ల ఆ మాట అన్నది నిజమే. తప్పు తనది పెట్టుకుని పెద్దాయన మీద అబద్ధాలు చెబుతావా అని, ఆమె రెండోసారి కొట్టింది ఆ మాటకే.

డాక్టర్లు, యంత్రాలు, తన ఇంటిల్లిపాదీ కలిసి ఇప్పుడు తేల్చిన సంగతిని, నేల మీద బోర్లా పడ్డ అయిదేళ్ల పిల్ల ఆ మధ్యాహ్నమే చెప్పింది. ఆ ఒక్క మాట ఎవరైనా నమ్మి ఉంటే అతను ఆ మర్నాటి నుంచే బండి దిగేవాడు. నమ్మకుండా చేసింది తనే. అతను కుర్చీలోంచి జారి పిల్ల ముందు నేల మీద కూర్చున్నాడు. ఈసారి ఆ మొహం చూపులోంచి పోకుండా, తల కదపకుండా, ఆమెనే చూస్తూ ఏడ్చాడు.